ఆవిడ మోచేతి ఎత్తు

ఏమిటే, ఆ టేపు పట్టుకుని అటూ ఇటూ తిరుగుతున్నావు? ఇలా వచ్చి కూచో, గట్టు ఎక్కడికీ పారిపోదులే. ఏమన్నావు? ఈ వంటగట్టు ఇంత కిందకి కట్టినవాళ్ళకి బుద్ధుందా అనా? కట్టించింది నేనే. బుద్ధీ ఉంది. నువ్వు కంప్యూటర్లో ఊళ్ళోవాళ్ళందరికీ వంటిళ్ళు గీసిస్తావు, బాగానే ఉంది, కానీ ఈ గట్టు సంగతి నీ కంప్యూటర్‌కి తెలీదు. ముందు ఇది చాలా పైకి ఉండేది. నా గుండెల దాకా వచ్చేది. ఎవరి కోసం కట్టారో తెలుసా? మీ నానమ్మ కోసం. నేను కాదే, నీ సొంత నానమ్మ, మీ నాన్నని కన్నావిడ. మీ నాన్న పాకడం నేర్చుకోకముందే జ్వరమొచ్చి పోయింది. ఏడాది తిరక్కుండా మీ తాతయ్య నన్ను చేసుకున్నారు. నేనావిణ్ణి కళ్ళతో చూసిందే లేదు. కానీ ఎంత పొడుగో నీకు వేలెడు తేడా రాకుండా చెప్తాను. ఆ పొడుగుతోనే కదా నేను కాపరం చేసింది.

మీ తాతయ్య వర్క్‌షాపులో ఫోర్‌మన్. కొలతలంటే పిచ్చి ఆయనకి. ఈ ఇల్లు కట్టేటప్పుడు, గోడలు లేచాయో లేదో, ఆవిణ్ణి తీసుకొచ్చి ఖాళీ వంటింట్లో నిలబెట్టారట. "ఊరికే కూర తరుగుతున్నట్టు చెయ్యి ఆడించు" అన్నారట. ఆవిడ సిగ్గుపడుతూ చెయ్యి ఆడిస్తుంటే, ఈయన మోకాళ్ళ మీద కూచుని, మోచెయ్యి ఎక్కడికొస్తోందో చూసి గోడమీద పెన్సిల్‌తో గీత గీశారట. నాకెవరు చెప్పారనుకున్నావు? మీ తాతయ్య అక్క, నా ఆడపడుచు. ఎప్పుడొచ్చినా ఇదే పాట. ఇక్కడే, ఈ గుమ్మానికి ఆనుకుని నిలబడి, గొంతు సాగదీసి, "మా మరదలు వంట చేస్తుంటే నడుం వంగేది కాదమ్మా... దీపం నిలబెట్టినట్టు ఉండేదీ..." అనేది. నేనూ మరదల్నే కదా? ఊహూఁ. మా వదినగారి నోట మరదలంటే ఆ పోయినావిడే. నేను "అమ్మాయి". ఆవిడ దీపమైతే మరి నేనేమిటి, అగ్గిపుల్లనా? ఇవన్నీ పీట మీద నిలబడి గరిటె తిప్పుతూ వినేదాన్ని. మాడిన కూరే పెట్టేదాన్ని ఆ పూట మా వదినగారికి.

పీటెక్కినా గిన్నెలో ఏముందో నాకు కనిపించేది కాదే. చప్పుణ్ణి బట్టీ వాసనని బట్టీ వండేదాన్ని. అంట్లు తోమాలంటే చేతులు పైకెత్తాలి కదా, నీళ్ళు మోచేతుల మీదుగా కారి చంకల దాకా తడిసిపోయేది. మిక్సీ వచ్చాక మరీను. దాని మూత అదిమి పట్టుకోవాలంటే మునివేళ్ళ మీద లేచి ఒళ్ళంతా దానిమీద వెయ్యాలి, అది గుర్రుమంటుంటే దాంతోపాటు నేనూ వణికేదాన్ని. ఇల్లంతా అంతేలే. తలుపు గడియ ఆవిడ చేతికి, స్విచ్చులు ఆవిడ చేతికి, బట్టలారేసుకునే తీగ ఆవిడ చేతికి. ఇంక అద్దం! అందులో నాకు నా పాపిటా, సగం నుదురూ కనిపించేవి. కొత్తగా కాపరానికి వచ్చినదాన్ని, నా మొహం ఎలా ఉందో చూసుకోవాలని ఉండదూ? ఫోటో అయితే గోడకి తిప్పి పెట్టేదాన్ని. గట్టుని ఎటు తిప్పను చెప్పు? అసూయే. పేరు పెట్టే చెప్తున్నా. ఆవిడ అందంగా ఉండేదని కాదు. ఆవిణ్ణి ఆయన కొలిచారు, నన్ను కొలవలేదు. అదీ నా ఏడుపు.

అడిగానే, అడక్కుండా ఉంటానా! "ఏమండీ, ఆ గట్టు కాస్త దింపించకూడదూ" అంటే, "చూద్దాంలే" అన్నారు. మర్నాడు పీట తెచ్చారు. నున్నగా చిత్రిక పట్టి, జారకుండా కింద రబ్బరు ముక్కలు కొట్టి. చూసినవాళ్ళంతా "పెళ్ళామంటే ఎంత ప్రేమో" అన్నారు. నేనూ నవ్వి ఊరుకున్నాను. ఆ తర్వాత ఓసారి ఆయన కళ్ళజోడు మర్చిపోయి వెళ్తే ఇద్దామని వర్క్‌షాపుకి వెళ్ళాను. అక్కడ కొత్తగా చేరిన ఫిట్టరు ఒకడు, పాపం నా అంతే ఉన్నాడు. మీ తాతయ్య దగ్గరుండి అతని బల్ల కాళ్ళు కోయిస్తున్నారే! పైగా చుట్టూ ఉన్నవాళ్ళకి పాఠం. "మనిషికి తగ్గట్టు బల్ల ఉండాలయ్యా. బల్లకి తగ్గట్టు మనిషి సాగడు." బయట పల్లకీ మోత, ఇంట్లో ఈగల మోత అంటారే, అదన్నమాట. కళ్ళజోడు ఆ బల్లమీదే పెట్టేసి వచ్చేశాను. దారంతా ఆ ఫిట్టరు మీద కూడా కుళ్ళుకున్నాను.

ఇంక నావల్ల కాలేదు. ఆయన ఏదో మెషీను చూడ్డానికి వారం రోజులు పొరుగూరు వెళ్ళడం చూసి తాపీమేస్త్రీని పిలిచాను. అతను గట్టు నిమిరి, "అమ్మగారూ, బంగారంలాంటి గట్టండీ, కొట్టడానికి చేతులు రావట్లేదు" అన్నాడు. "నీకు రాకపోతే ఆ సుత్తి ఇటివ్వు, నాకొస్తాయి" అన్నాను. ఇంక సుత్తి ఎత్తాడు. రాతిపలక దింపాక చూస్తే గోడమీద ఆ పెన్సిల్ గీత! అన్నాళ్ళూ పలక కింద భద్రంగా ఉంది మహాతల్లి. "ఇదేమిటమ్మా" అన్నాడు మేస్త్రీ. "ఏం లేదు, సున్నం కొట్టు" అన్నాను. కొత్త గట్టుకి నేనే నిలబడి, నేనే చెయ్యి ఆడించి, నేనే గీసుకున్నాను. నువ్వనుకున్నంత పొట్టిదాన్నేం కాదులే, అప్పుడు ఇంకాస్త ఉండేదాన్ని. గట్టు ఆరాక మొదటిసారి గిన్నెలోకి పైనుంచి చూశాను. అన్నం ఉడుకుతుంటే చూడ్డానికి అంత బాగుంటుందని అప్పటిదాకా నాకు తెలీదే.

మీ తాతయ్య వచ్చారు. కాళ్ళు కడుక్కుని, ఎప్పట్లాగే వంటింట్లోకొచ్చి మంచినీళ్ళు తాగి, నాతో ఏదో చెప్తూ, చూడకుండా గ్లాసు పెట్టారు. ఎక్కడా? గాలిలో. పాత గట్టు ఉండేచోట. గాజు గ్లాసు, భళ్ళుమంది. ఆయన అప్పుడు చూశారు గట్టుకేసి. నేను చీపురు పుచ్చుకుని సిద్ధంగా ఉన్నాను, ఒక్క మాటంటే నాలుగందామని. అరిచినా బాగుండేది. లోపలికి వెళ్ళి రసమట్టం తెచ్చారు, అదే, లోపల బుడగ అటూ ఇటూ పోతుంటుందే, అది. గట్టుమీద పెట్టి, ఒక కన్ను మూసి చూసి, "ఈ వైపు కొంచెం వాలింది" అన్నారు. అంతే. ఆవిడకేమో మోకాళ్ళ మీద కూచుని కొలతలు, నాకేమో వంకలు.

ఆ తర్వాత గ్లాసులేం పగలలేదు. కానీ... ఇది నేనెవరికీ చెప్పలేదు. ఏది పెట్టబోయినా ఆయన చెయ్యి ముందు అక్కడ ఆగేది. ఆ పాత ఎత్తులో. రెప్పపాటు ఆగి, అప్పుడు కిందికి దిగేది. కాఫీ కప్పయినా, కూరల సంచీ అయినా. పోయేదాకా అంతే. ఆయనకి తెలుసో లేదో. నేను మాత్రం చూసేదాన్ని. చూడకూడదనుకుంటూనే చూసేదాన్ని. గోడకైతే సున్నం కొట్టించాను, ఆ చేతికేం కొట్టించను?

నవ్వకు. పోయినావిడ మీద ఈ వయసులో ఇంకా ఏమిటి నానమ్మా అంటావు. నీకేం తెలుసే. నీకు నీళ్ళు పోసింది నేను, ముద్దలు పెట్టింది నేను, బడికెళ్ళనని ఏడిస్తే ఎత్తుకుని తీసుకెళ్ళింది నేను. పొడుగు మాత్రం ఆవిడది! మీ నాన్నకి రాలేదు గదా, గండం గడిచిందనుకున్నాను. ఒక తరం గెంతేసి నీకొచ్చింది. మా వదినగారు ఆఖరిసారి వచ్చినప్పుడు నిన్ను గుమ్మంలో చూసి, "అయ్యో, మా మరదలే... మా మరదలే..." అని కళ్ళొత్తుకుంది. నాకు ఒళ్ళు మండిపోయింది. అప్పటిదాకా నువ్వు నాదానివే అనుకుంటూ వచ్చాను మరి.

సరే, ఏదీ, లే. గట్టు దగ్గర నిలబడు. తరుగుతున్నట్టు చెయ్యి ఆడించు. ఊఁ. అంత వంగితే నడుం పట్టెయ్యక ఏమవుతుంది! అలా కాదు, నిటారుగా నిలబడి ఆడించు. మోచెయ్యి ఎక్కడికొచ్చింది? టేపు అక్కర్లేదులే. అక్కడికే. ఆవిడ గట్టు ఉన్నచోటికే.

లేపించు. నా పంతం కోసం నువ్వు నడుం విరగ్గొట్టుకుంటావా ఏం? ఎవర్నో ఒకర్ని పిలుచుకొచ్చి రేపే లేపించు. ఏమిటీ? రెండెత్తుల్లో చేయిస్తావా? సగం పైకి నీకు, సగం ఇలాగే నాకా? అంటే ఏమిటే, ఉన్నన్నాళ్ళూ నేను ఆవిడ పక్కన నిలబడి వండుకోవాలా?

...

కిటికీ వైపు నాకు పెట్టు. ఆవిడకివ్వకు.