మూడో ట్యాబ్

టీచర్ల బదిలీ ఆప్షన్లకు ఆఖరి రోజు. సామర్లకోట బడిలో పెద్ద టీచరు వచ్చి, చిన్న టీచరైన హారతి ల్యాప్‌టాప్ ముందు కూర్చుంది.

“ఒక ట్యాబ్‌లో ఖాళీల లిస్టు, పక్క దాంట్లో మీ ఫారం. ఒకటి చూడ్డానికి ఇంకోటి మూయక్కర్లేదక్కా.”

“ఎంత సుఖమే! పెద్దాపురం పెడతాను, ఇంటికి దగ్గర.”

“వద్దండక్కా. అక్కడి హెడ్మాస్టరు రాచి రంపాన పెడతాడు.”

ఆవిడ నమ్మి, ఆ ఊరు వదిలేసి ఫారం పంపేసింది. ఇక మార్చడానికి వీల్లేదు. కొత్తగా నేర్చిన సరదాకొద్దీ మూడో ట్యాబ్ నొక్కింది. హారతి ఫారం. మొదటి ఆప్షన్ పెద్దాపురం.

“అది నాదక్కా... మూసేయండి.”

“నీకంటే నాకు బదిలీ పాయింట్లు ఎక్కువ, పెడితే ఆ ఊరు నాకే వస్తుందనేగా వద్దన్నావు?”



“మూసేయండక్కా, ప్లీజ్.”

“తెరవడం నేర్పావు. మూయడం నేర్పలేదు కదమ్మా.”