దత్తాత్రేయ పనస దుంగ

కూర్మనాథం రంపం పట్టడం నేర్చుకున్నమాట నిజం. అంతవరకూ అరసవల్లిలో ఎవరూ కాదనరు. కరెంటాఫీసులో రిటైరయ్యాక మోకాళ్ళు పట్టేసి ఇంట్లో కూర్చున్న రోజుల్లో ఫోన్లో వీడియోలు చూసేవాడు. మొదట మోకాళ్ళ వీడియోలే. మోకాళ్ళ నుంచి కుర్చీలకీ, కుర్చీల నుంచి చెక్కకీ, చెక్క నుంచి రంపానికీ ఆ ఫోన్ ఎలా తీసుకెళ్ళిందో అతనికే తెలీదు. ఫోన్లంతే, ఉప్పు తెమ్మని వీధి చివరికి పంపితే నరసన్నపేట దాకా తిరిగొచ్చే మనుషుల్లాంటివి.

ఆ ఉదయం అప్పలసూరి టీ బడ్డీ ముందు బల్ల మీద కూర్చుని ఆ కథే ఎత్తుకున్నాడు. వినడానికి టీ కాచే అప్పలసూరీ, బేరాల్లేక ఆటో నీడన పెట్టుకున్న అసిరయ్యా ఉన్నారు. మొదట్లో కథ చిన్నదే. వీడియోలో గడ్డం దొర చెప్పినట్టు చూపుడువేలు రంపం వెంట చాపి, మోచెయ్యి పక్కలకి పోకుండా చూసుకుని, బలం పెట్టకుండా రంపం బరువుకే పని వదిలేసి సరుగుడు కర్ర కోశాడు. మొదటి ముక్క వంకర. కోయగా కోయగా తిన్నన. ఇందులో అబద్ధమేమీ లేదు.

సరిగ్గా అప్పుడే దత్తాత్రేయ వచ్చి, బల్ల మీద చోటున్నా కూర్చోకుండా, బడ్డీ గుంజనానుకుని టీ అడిగాడు.

శ్రీకాకుళం కాలేజీలో కలిసి చదివిన నాటి నుంచీ వాళ్ళిద్దరూ ఏ పొద్దూ విడిగా టీ తాగినవాళ్ళు కారు. పోయిన వేసవిలో ఆ పనస దుంగ గొడవ వచ్చాక దత్తాత్రేయ ఈ బడ్డీకే రావడం మానేశాడు. తిట్టలేదు, పోట్లాడలేదు, మానేశాడంతే. అది దత్తాత్రేయ నాన్నగారు పెంచిన చెట్టు. ఆయన సంగీతం మాస్టారు, ఆ చెట్టు కిందే పిల్లలకి పాఠాలు చెప్పేవారు. తుపానుకి అది పడిపోతే, మొదలు కోయించి, కూతురు సంహితకి వీణ చేయిద్దామని దత్తాత్రేయ నీడలో ఏళ్ళ తరబడి ఆరబెట్టుకున్నాడు.

ఈవేళ ఒక్కసారి నవ్వించగలిగితే చాలు, మనిషి మళ్ళీ పక్కన కూర్చుంటాడని కూర్మనాథానికి తోచింది. నవ్వించడానికి అతని దగ్గరున్నది నోరొక్కటే. దాంతో కథ పెరిగింది. సరుగుడు కర్రలోంచి రేకు తీశాడట, ఎంత పల్చనంటే దాన్ని పేపరు మీద పరిచి వార్తలు చదువుకోవచ్చట. ఆ తర్వాత ఏమైందో తెలుసా? కర్ర మీద పాకుతున్న చీమకి తెలియకుండా కర్ర కోసేశాడట, అవతలి ముక్క మీదికి వెళ్ళిపోయాక కూడా చీమకి అనుమానం రాలేదట. గడ్డం దొరకి ఈ సంగతి ఫోన్లో రాస్తే, ఆయన మర్నాటి నుంచి పాఠాలు ఆపేసి ఏకంగా వ్యవసాయంలోకి దిగిపోయాడట.

అసిరయ్య పడీ పడీ నవ్వాడు. దత్తాత్రేయ గ్లాసులోకి చూస్తున్నాడు.

"సిన్న కర్రలు సరే బాబూ," అన్నాడు అసిరయ్య. "పెద్ద దుంగేటైనా కోసినారా?"

లేదనొచ్చు. మాట మరో దారి పట్టించొచ్చు. కానీ ఊపులో ఉన్న నాలుక ఆగలేదు. ఎవరిదో చెప్పకుండా ఒక దుంగ అన్నాడు. టీ చల్లారేలోగా నిలువునా చీల్చేశానన్నాడు. నిజానికి అరచేతులు బొబ్బలెక్కి, రాత్రిళ్ళు అన్నం కలుపుకోలేక చెంచాతో తిన్నాడు. ఆ బొబ్బల సంగతి చెప్పలేదు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? రెండు చెక్కల మధ్య సందులోంచి ఎండ దూరిందట, ఆ కోత ఎంత తిన్ననంటే, ఆ కిరణం సూదిలా సాగి, వీధి దాటి, గోపురం దాటి, ఏడాదిలో రెండుసార్లే ఎండ తాకే సూర్యనారాయణస్వామి పాదాల మీద నెలా తిథీ చూసుకోకుండా పడిందట. పూజారిగారు పంచాంగం తిరగేసి కంగారు పడ్డారట.

"ఏటి బాబూ, సాములోరికి కూడా సెప్పకుండానే?" అన్నాడు అప్పలసూరి.

దత్తాత్రేయ గ్లాసు బల్ల మీద పెట్టాడు.

"కోత తిన్ననే," అన్నాడు. "నేనూ దారం పట్టి చూశాను. వెంట్రుకవాసి తేడా లేదు."

కూర్మనాథం మొహం వెలిగింది.

"బీటలు పడ్డ చివర జానెడు కోసిపెట్టమన్నానురా నేను. అన్నవరం వెళ్ళొచ్చేసరికి మధ్యకి చీల్చి పెట్టావు."

"మధ్యకి చీలిస్తే ఇంక బీటలు రావని వీడియోలో..." అన్నాడు కూర్మనాథం.

"రావు. నిజమే. దొరకి తెలిసిన పని దొర చెప్పాడు, వాళ్ళూళ్ళో మంచానికో బల్లకో అయితే అదే పద్ధతేమో. నేను బొబ్బిలి వీణలవాళ్ళ దగ్గరికి పట్టుకెళ్ళాను. మేం ఒకే దుంగలోంచి వీణ తొలుస్తాం, రెండు చెక్కలు అతికించి చెయ్యం అన్నారు. చెయ్యం అంటూనే నీ కోత మీద చెయ్యి వేసి రాసి చూశారు."

అసిరయ్య నవ్వు ఎప్పుడాగిపోయిందో ఎవరూ గమనించలేదు. పొయ్యి మీద పాలు పొంగబోతుంటే అప్పలసూరి దించాడు.

"అమ్మాయి ఏమందిరా?" అన్నాడు కూర్మనాథం. ఇన్నాళ్ళూ అడగడానికి ధైర్యం చాలని మాట అది.

"బాబాయిగారు కష్టపడి కోశారు, ఏమీ అనొద్దు నాన్నా అంది." దత్తాత్రేయ భుజం మీద తువ్వాలు సర్దుకున్నాడు. "వంకరటింకరగా కోసుంటే నాలుగు తిట్టి మర్చిపోయేవాణ్ణిరా. ఇంత శ్రద్ధగా పాడుచేసినవాణ్ణి ఏమని తిట్టను?"

అని రోడ్డెక్కాడు. కూర్మనాథం మోకాళ్ళు పట్టుకుని లేచి, వెనకాలే బయల్దేరాడు. దత్తాత్రేయ అతని కోసం నడక తగ్గించలేదు. విడిచి పోవడానికి పెంచనూ లేదు.