బావ నడక

కూర్చో, ఎవరొద్దన్నారు? కానీ ఆ లోపలి గది తలుపు వైపు చూడటం మాత్రం మానెయ్. వచ్చిన దగ్గర్నుంచీ నీ కళ్లు అటే ఉన్నాయి. మీ బావ నిద్రపోతున్నారు. లేచినా బయటికి రారు. నేను రానివ్వను.

అక్కా, బావ ఒక్కసారి నా ముందు నడిస్తే చాలు అన్నావు చూడు, ఆ మాట అనడానికి నీకు నోరెలా వచ్చిందిరా? ఇన్నేళ్ల తర్వాత గుమ్మం తొక్కావు. అక్క ఎలా ఉందని అడగలేదు. బావకి కళ్లు ఆనుతున్నాయా, చెవులు వినిపిస్తున్నాయా అని అడగలేదు. బావ ఇప్పటికీ అలాగే నడుస్తున్నారా అని అడిగావు. అటక మీద దాచిన పెట్టెకి చెదలు పట్టలేదు కదా అని అడిగినట్టు అడిగావు.

సరే. నీ గోడు నేను సరిగ్గానే విన్నానో లేదో చెప్తాను, తప్పుంటే దిద్దు. నువ్వు స్టేజీ ఎక్కి యాభై ఏళ్లయింది. దానికో పెద్ద సభ. ఆ సభలో నీకు పేరు తెచ్చిన పాత నాటకం, అదే, కాపలావాడి నాటకం, గేటు మామ వేషం, ఆఖరిసారిగా వేస్తున్నావు. టిక్కెట్లన్నీ అయిపోయాయి. తీరా రిహార్సల్లో నిలబడితే నడక రావడం లేదు. రెండు మోకాళ్లూ మార్పించుకున్నావాయె. కొత్త మోకాళ్లు బుద్ధిగా తిన్నగా నడుస్తున్నాయి, కుంటమంటే కుంటవు. బలవంతంగా కుంటితే, కుంటివాడిలా లేదు, కుంటుతున్న నటుడిలా ఉంది అని డైరెక్టరు మొహం మీదే అనేశాడు. అంతేగా?

తల ఊపకు. అలా తల ఊపేది మన లెక్కల మాస్టారు. ఇందాక దగ్గావే, ఆ దగ్గు నాన్నది. మాట తోచనప్పుడు చెవి తమ్మె పట్టుకుంటావు, అది ఎదురింటి దర్జీది. నీ సొంతం ఏదైనా ఉంటే అది పైకి తీసి మాట్లాడు, వింటాను.

పుట్టినప్పటి నుంచీ నువ్వంతే కదా. ఇంటికి ఎవరైనా వచ్చి వెళ్తే చాలు, వాళ్లు వీధి మలుపు తిరగకముందే వాళ్లలా నడిచి చూపించేవాడివి. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వేది. నేనూ నవ్వాను, ఎందుకు అబద్ధం చెప్పాలి?

అదే అమ్మ పోయేటప్పుడు మేమందరం గోడకి చేరబడి ఏడుస్తుంటే, నువ్వొక్కడివే మంచం మీదికి వంగి ఆవిడ మొహంలోకి చూస్తూ ఉండిపోయావు. పాపం చిన్నోడికి తల్లంటే ఎంత ప్రాణమో అన్నారు అందరూ. తర్వాత ఏదో సినిమాలో నువ్వు చచ్చిపోతుంటే హాలంతా ముక్కులు చీదుకున్నారు. నాకు మాత్రం కన్నీటి చుక్క రాలేదు. కింది పెదవి అలా ఎడమ పక్కకి జారడం నేను అంతకుముందు ఒక్కచోటే చూశాను.

పోనీలే. అమ్మ మనిద్దరికీ అమ్మ. సగం నీది అనుకుందాం. మీ బావలో నీ వాటా ఎంతరా?

అమ్మ పోయాక నిన్ను ఇంటికి తెచ్చుకున్నదెవరు? నేను కాదు, ఆయనే. నేను కొత్త కోడల్ని, అడగడానికి నోరు పెగల్లేదు. ఒకనాడు వడ్రంగి వర్క్‌షాపు నుంచి వస్తూ వస్తూ నీ పరుపు చుట్ట భుజాన వేసుకుని, నిన్ను వెంటబెట్టుకుని వచ్చారు. నేను నోరెళ్లబెట్టి చూస్తుంటే, మంచం చెయ్యడానికి నాకు కర్ర కరువా అన్నారు. ఆ వారమే నీకు మంచం చేశారు. నీ పొడుగు కొలిచి, ఇంకా పెరుగుతాడులే అని జానెడు ఎక్కువ పెట్టి మరీ చేశారు.

ఆ తర్వాత కదా దుంగ జారి ఆయన కాలు మీద పడ్డది. ఆసుపత్రి నుంచి వచ్చాక ఆయన నడక నేర్చుకోవడం మనిద్దరం చూశాం. నేను చూడలేక వంటింట్లోకి వెళ్లిపోయేదాన్ని. నువ్వు కన్నార్పకుండా చూసేవాడివి. కుడికాలు ఆనించి, ఎడమకాలిని సున్నా చుట్టినట్టు బయటికి తిప్పి, ముందు వేళ్లు మోపి, నేల నిజంగా ఉందా లేదా అని తేల్చుకుని, అప్పుడు బరువు వేసేవారు. ఆ తేల్చుకోవడం ఉంది చూశావా, అది భయంరా. ఏడాది పొడుగునా ఆ మనిషి అడుగడుక్కీ పడిన భయం.

దాన్ని నువ్వు నవ్వుకి పనికొస్తుందని గుర్తుపట్టావు. మెచ్చుకోవాలి, నిజంగా. మాకెవరికీ తట్టలేదు.

ఆ నాటకానికి గేటు చేసిచ్చిందెవరు? ఆయనే. కిర్రుమనాలి బావా అన్నావు. కిర్రుమనే తలుపు చెయ్యడం వడ్రంగికి సిగ్గుచేటురా అంటూనే, నీకోసం బందులు వదులు చేసి, నాలుగుసార్లు వేసి తీసి చూసుకుని మరీ పంపారు. ముందు వరసలో మాకు కుర్చీలు వేయించావు. ఆయన వర్క్‌షాపులో వాళ్లందర్నీ పిలుచుకొచ్చారు, మా బావమరిది వేషం వేస్తున్నాడు రండర్రా అని.

తెర లేచింది. నువ్వు గేటు తీసుకుని వచ్చావు. కుడికాలు, సున్నా, వేళ్లు, తేల్చుకోవడం.

హాలు కూలిపోయింది నవ్వుతో. వర్క్‌షాపు వాళ్లు మాత్రం ముందు నవ్వలేదు. ఒకరి మొహం ఒకరు చూసుకుని, తర్వాత ఆయన మొహం చూశారు. పాపం ఆయన ఏం చేస్తారు? వాళ్లకి ఇబ్బందిగా ఉందని తెలిసి, అందరికంటే గట్టిగా తనే నవ్వారు. అప్పుడు వాళ్లూ నవ్వారు. ఇంటికి వచ్చేటప్పుడు అందర్నీ ముందు పోనిచ్చి ఆయన వెనక నడిచారు. నేను ఆగితే, నువ్వూ పద అన్నారు.

ఆ రాత్రి నిన్ను నిలేస్తే ఏమన్నావో గుర్తుందా? ఇది కళ, నీకు అర్థం కాదక్కా అన్నావు. నేను చెంప పగలగొట్టేదాన్నే. ఆయనే అడ్డుపడ్డారు. వాడికి పనికొచ్చింది కదే, నాకేమైనా తరిగిందా అన్నారు.

తరిగిందో లేదో నీకేం తెలుసు? నువ్వు అప్పటికే ఊళ్లు పట్టుకుని నాటకాలాడుతూ పోయావు. తర్వాత సినిమావాళ్లు ఆ నాటకాన్ని సినిమాగా తీసి, నిన్నూ తీసుకుపోయారు. కమెడియన్‌వి అయ్యావు, ముసలి తండ్రివి అయ్యావు, జడ్జివి అయ్యావు, ఇప్పుడు సీరియల్లో రోజూ మంచాన పడి కోడళ్లని సాధించే తాతవి అయ్యావు. ఎన్ని వేషాలు వేసినా ఎక్కడికి వెళ్లినా జనం అడిగేది ఆ నడకే. ఒక్కసారి గేటు మామలా నడవండి సార్ అంటారు. నువ్వు నడుస్తావు, వాళ్లు చప్పట్లు కొడతారు.

ఇక్కడ మా వీధిలో పిల్లలు ఆయన వెనకాల వరస కట్టి నడిచేవారు. అదీ సర్దుకున్నారు. పిల్లలే కదా అన్నారు. అసలు దెబ్బ రైల్వే స్టేషన్లో తగిలింది. ఎవరో చదువుకున్న అమ్మాయి, మంచి పిల్లే, పరిగెత్తుకుంటూ వచ్చి, అంకుల్, మీరు గేటు మామని భలే దించేస్తున్నారు, ఇంకోసారి చెయ్యరా, మా వాళ్లు చూడలేదు అంది.

అర్థమైందా? నిన్ను చూసి ఆయన నేర్చుకున్నారట.

ఆయన కాలురా అది. ఆయన నొప్పి. దానికి ఆయన నకలు మనిషి అయిపోయారు. నేను నోరు తెరిచేలోపే ఆయన సంచీ కింద పెట్టి ప్లాట్‌ఫారమ్ మీద అటు నుంచి ఇటు నడిచి చూపించారు. వాళ్లంతా నవ్వారు. ఎందుకు చేశారండీ అని అడిగితే, అంత సరదాగా అడిగింది, కాదనలేకపోయాను అన్నారు.

అది మొదలు. ఆ తర్వాత స్కూలు వార్షికోత్సవానికి పిలిచారు, వర్క్‌షాపు యజమాని కూతురి పుట్టినరోజుకి పిలిచారు. నడవండి, నడవండి. మైకులో, ఇప్పుడు డూప్లికేట్ గేటు మామ అని పరిచయం చేసేవారు. అసలు మనిషిని నేనే అని ఆయన ఒక్కచోటా చెప్పలేదు. చెబితే నీకు చిన్నతనమట.

మరి నువ్వేం చెప్పావు? టీవీలో అడిగారు కదా, ఆ నడక ఎక్కడ పట్టారండీ అని. ఆర్నెల్లు అద్దం ముందు నిలబడి సాధన చేశాను అన్నావు. మేం అన్నం తింటూ చూస్తున్నాం. ఆయన నమలడం ఆపారు. కాసేపటికి, వాడు అద్దం ముందు నిలబడితే అందులో నేనే కనపడి ఉంటానులే అని, మంచినీళ్లు అడిగారు.

బావ పేరు ఒక్క ముక్క అని ఉంటే నీ నాలుక ఊడి పడేదా?

చిన్నప్పుడు అమ్మ ఒక కథ చెప్పేది, నువ్వు మర్చిపోయి ఉంటావు. నీడ లేని ఒకడు పక్కింటివాడి దగ్గరికి వెళ్లి, రాజుగారి కొలువుకి వెళ్తున్నాను, ఒక్క పూట నీ నీడ ఇస్తావా అని అడిగాడట. పక్కింటివాడు జాలిపడి ఇచ్చాడట. ఆ నీడ వేసుకుని వాడు కొలువులో చేరాడు, మంత్రి అయ్యాడు, యుద్ధానికి వెళ్లి గెలిచాడు. అమ్మ అలా చెప్పుకుంటూ పోయేది. నీడ ఇచ్చినవాడు ఏమయ్యాడే అని నేను అడిగితే, ఆవిడ విసుక్కునేది. కథ అటు పోతుంటే నువ్వు ఇటు లాగుతావేమిటే అనేది. కథలన్నీ తీసుకున్నవాడి వెంటే పోతాయిరా. ఇచ్చినవాడు ఎండలో ఎలా తిరిగాడో ఎవరికి కావాలి?

అందుకే చెప్తున్నాను, లేచి వెళ్లిపో. కుంటేవాళ్లు ఊళ్లో ఇంకా ఉన్నారు. ఏ ఆసుపత్రి ముందైనా నిలబడు, కావలసినన్ని నడకలు దొరుకుతాయి.

ఏమిటా చప్పుడు?

మీరెందుకు లేచారు? పడుకోండి. ఎవరూ లేరు. సరే, వీడే, ఊరికే పలకరించి పోదామని వచ్చాడు. వెళ్లిపోతున్నాడు కూడా. అయ్యో, అంతా విన్నారా? వింటే విన్నారు, నేనేమైనా లేనిది కల్పించి చెప్పానా?

వద్దండీ. నా మాట వినండి. వాడికి అవసరమైతే అది వాడి ఖర్మ. మీరు చొక్కా వేసుకోవడం దేనికి? గుండీలు పెట్టుకోవడం దేనికి? చిన్నోడా, అలా చేతులు చాచి ఎదురెళ్లకు, ఆయన మొహం చూడు, ఇన్నాళ్లకి నువ్వు వచ్చావని ఎలా వెలిగిపోతోందో. నాకది చూస్తే ఒళ్లు మండిపోతోంది.

సరే. మీ ఇష్టం. బావా బావమరుదులు ఒకటైపోయాక మధ్య నేనెవర్ని? గోడ వదిలేయండి మరి. ఆ కుర్చీ అడ్డం తియ్యరా, అదొక్కటైనా చెయ్యి. నిలబడి చూడు. కళ్లప్పగించి చూడు, నీకు అలవాటే కదా.

ఏరా, మొహం అలా మాడిందేం? కుడికాలు వేశారు. సున్నా చుట్టారు. ఆగారు. నీకు కావలసింది ఇదే కదా?

ఇది కాదా? అలా నా వైపు చూస్తావేం, నేను మార్చలేదు. గుర్తుపట్టలేదా? ఇది నీదేరా. సినిమాలో నీది. ఆయనది ఆ ప్లాట్‌ఫారాల మీద, ఆ మైకుల ముందు ఎప్పుడు జారిపోయిందో నాకే తెలియదు. వంటింట్లోకి మంచినీళ్లకి వచ్చినా ఇలాగే వస్తారు, ఎవరూ చూడకపోయినా. నేల ఉందో లేదో తేల్చుకోవడం ఎప్పుడో మానేశారు. అందుకే రెండుసార్లు పడ్డారు కూడా.

ఇప్పుడెందుకు ఆగారని అడుగుతున్నావా? కాలు నొప్పి అనుకున్నావా? కాదు. జనం నవ్వడానికి అక్కడ నువ్వు సందు ఇస్తావు. ఆయనా ఇస్తున్నారు.

నవ్వరా. నీకోసమే నిలబడి ఉన్నారు, ఎంతసేపు ఒంటికాలి మీద ఉండగలరు? నవ్వు. నువ్వు నవ్వేదాకా ఆయన రెండో అడుగు వెయ్యరు.