నాలుగు చీపుర్లు కడిగింది నేనే

నా పేరు షేక్ ఫాతిమున్నీసా. భర్త ఫకీర్ సాహెబ్, చనిపోయారు. వయసు నలభై ఆరు. సొంత ఊరు కడప జిల్లా రాయచోటి. దుబాయ్‌లో మంచు గడ్డకట్టించి ఆటలాడించే ఒక ఐస్ రింకులో క్లీనర్‌గా పని చేస్తున్నాను. బర్ దుబాయ్‌లో మరో ఐదుగురు ఆడవాళ్ళతో ఒక గదిలో ఉంటున్నాను. ఈ రోజు, 2007 ఫిబ్రవరి 18 ఆదివారం, ఎవరూ పిలవకుండానే నా అంతట నేను ఈ పోలీసు స్టేషనుకు వచ్చాను. నేను తెలుగులో చెబుతుంటే ఇక్కడి దుబాసీ శ్రీసుధమ్మ ఆఫీసరు గారికి అరబీలో చెబుతున్నారు.

మొన్న శుక్రవారం మా రింకులో కర్లింగ్ ఫైనల్ జరిగింది. అదే వృత్తిగా బతికే మగవాళ్ళు చలిదేశాల నుంచి వచ్చి ఆడిన పోటీ. బరువైన గుండ్రటి రాతిని మంచు మీద జారవిడుస్తారు. అది అనుకున్న చోటికి జారాలని ఇద్దరు దాని ముందు చీపుర్లతో మంచు రుద్దుతూ పరుగెడతారు. చీపురంటే మన ఇంట్లోది కాదు, పొడుగు కర్రకు బిగించిన వెంట్రుకల బ్రష్షు. మొదటిరోజు చూసి పడీపడీ నవ్వాను.

"ఏం జోగయ్యా, మా ఊర్లో మగోళ్ళు చీపురు ముట్టనే ముట్టరు. వీళ్ళకు ఊడిస్తే కప్పు ఇస్తారంట కదబ్బా!" అన్నాను.

"నీక్కూడా ఇప్పిస్తాలే ఆపా" అన్నాడు.

జోగయ్య మా రింకులో మంచు చూసుకునే మనిషి. తుని దగ్గరివాడు. ఆటకు ముందు మంచు మీద నీటి చుక్కలు చిలకరించడం, చీపుర్ల గదికి తాళం వేయడం అతని పని. నాకంటే చిన్నవాడు, మాలో అక్కను పిలిచినట్టు ఆపా అంటూ సొంత తమ్ముడిలా ఉంటాడు.

శుక్రవారం మధ్యాహ్నం, ఆట మొదలవడానికి ఇంకో గంట ఉందనగా, నేల తుడవమని జోగయ్య ఆ గది తెరిచి వెళ్ళాడు. గోడకు రెండు జట్ల చీపుర్లూ ఆనించి ఉన్నాయి. ఎర్ర చొక్కాల వాళ్ళవి నాలుగు, నీలం చొక్కాల వాళ్ళవి నాలుగు. వెంట్రుకల నిండా మురికి. పెళ్ళయినప్పటి నుంచి ఊడ్చే చేతులు నావి, చూసి ఊరుకోలేకపోయాను. పాపం, ఇంత దూరం వచ్చి ఫైనల్ రోజున మురికి చీపుర్లతో ఆడాలా అనుకున్నాను. ఎర్రవాళ్ళవి నాలుగూ వేడినీళ్ళలో సబ్బుపొడి వేసి కడిగాను. తువ్వాలుతో ఒత్తి తుడిచాను. పైకి ఆరినట్టే ఉన్నాయి. నీలంవాళ్ళవి కూడా కడిగేదాన్నే. అంతలో మా సూపర్‌వైజర్ కలీం, "యల్లా ఫాతిమా! లేడీస్ బాత్రూం ఖరాబ్ హో గయా, జల్దీ!" అని, ఆడవాళ్ళ బాత్రూం పాడైంది తొందరగా రమ్మని అరిచాడు. బకెట్టు తీసుకుని వెళ్ళిపోయాను. ఎవరికీ చెప్పలేదు. చీపురు కడిగితే కూడా చెప్పాలా అనుకున్నాను.

ఆట సగంలో ఉండగా గొడవ మొదలైంది. కుచ్చుల లోపల మిగిలిన తడి ఆ చలికి గడ్డకట్టింది. రుద్దుతుంటే చిన్న చిన్న పలుకులు రాలాయి. రాయి వాటికి తగిలి పక్కకు పోయింది. ఆఖరి రాయి కూడా అలాగే పోయింది. ఎర్రజట్టు ఓడిపోయింది. వాళ్ళ కెప్టెన్, నెరిసిన గడ్డం మనిషి, మంచు మీదే కూర్చుని చీపురు వెంట్రుకలు వేళ్ళతో తడుముకున్నాడు. వాసన చూశాడు. సబ్బు వాసన. ఆ మొహం నేను మర్చిపోలేను. ఆయనకు మంచి చేద్దామనే నేను కడిగింది.

ఒక జట్టు చీపుర్లే తడిశాయి కాబట్టి ఎవరో లంచమిచ్చి చేయించారన్నారు. తాళం జోగయ్యది కాబట్టి జోగయ్యను పోలీసులు తీసుకుపోయారు. నేను మాపు పట్టుకుని తలుపు పక్కనే నిలబడి ఉన్నాను. నేనే కడిగానని చెబితే వీసా పోతుంది, వీసా పోతే మా అమ్మాయి సబీనా నర్సింగు చదువు ఆగిపోతుంది. అల్లా సాక్షిగా అదే భయం.

నిన్న జోగయ్య భార్య కృష్ణవేణి ఊరి నుంచి నాకు ఫోన్ చేసింది. "ఆయన ఫోనెత్తట్లేదండీ. అన్నం తిన్నారా?" అని అడిగింది. "తిన్నాడు తల్లీ, పన్లో ఉండాడు" అన్నాను. ఛీ, నా నోరు పడిపోను.

ఈ రోజు పొద్దున అన్నం డబ్బా పట్టుకుని ఇక్కడికి వచ్చాను. కాసేపు అతనితో మాట్లాడనిచ్చారు. "జోగయ్యా, అవి నేనే కడిగినా" అని ఏడ్చాను.

"తెలుసాపా. నువ్వు బకెట్టు పట్టుకుని బయటికొస్తుంటే చూశాను. నేల తుడిచావనుకున్నా. ఇక్కడ సబ్బు సంగతి అడిగినప్పుడు అర్థమైంది."

"మరి చెప్పలేదే?"

"ఆడకూతురివి. నిన్ను తెచ్చి ఇక్కడెలా కూచోబెడతాను?" అని డబ్బా మూత తీసి తినడం మొదలుపెట్టాడు.

రెండు రోజులు ఇద్దరం నోరు మూసుకునే ఉన్నాం సార్. అతనూ నాకోసమే, నేనూ నాకోసమే.

లంచం ఎవరూ ఇవ్వలేదు. జోగయ్యకు ఏ పాపమూ తెలియదు. ఇందులో కల్పించిన మాట ఒక్కటి లేదు, నన్నెవరూ బెదిరించలేదు. రాసినదంతా శ్రీసుధమ్మ చదివితే విన్నాను, నేను చెప్పినట్టే ఉంది. నాకు సంతకం రాదు. ముందు ఆ కేసు కాగితంలో జోగయ్య పేరు కొట్టేసి నా పేరు రాయండి సార్. వేలు సిరాలో పెట్టే ఉంచాను.

(ఎడమచేతి బొటనవేలి ముద్ర)
షేక్ ఫాతిమున్నీసా