పేరులో సున్న

తమిళనాడులో విరుదునగర్ నుంచి కోవిల్‌పట్టికి పోయే బస్సు. కిటికీ పక్కన దామోదరసామి, ఆయన పక్కన టిఫిను సంచి ఒళ్లో పెట్టుకొని భార్య వెంకటమ్మాళ్. ఏడాదిపాటు ప్రతి ఆదివారం పెద్దల దూరవిద్య కాలేజీకి తెలుగు చదవడానికి పోయిన మనిషి, ఇవాళ రిజల్టు చూసుకొని తిరిగి వస్తున్నాడు.

"మార్కు ఎంతని అడిగితే మార్కు చెప్పండి. కాలేజీ ఫ్యాను సంగతి నాకెందుకు?"

"ఫ్యానే ముఖ్యం. ఆ డైరెక్టరు మైకు పట్టుకొని, ఈ ఏడాది మన కాలేజీ ఎంతో ముందుకు పోయె అన్నాడు. ఏమి పోయె? నాలుగు ఫ్యాన్లలో ఒకటి తిరగతాది. పుస్తకాలు దీపావళి అయినాక వచ్చె. పోయినేడు రెండు చోట్ల కారతాండిన కప్పు ఈ ఏడు ఒక చోటే కారతాది, అదీ ముందుకు పోవడమే అంట. పందొమ్మిది మంది చేరితే పరీచ్చ రాసింది ఏడుగురు. దానికి శాలువా కప్పుకొనె."

"ఏడుగురిలో పాసు ఎందరు?"

"ఒకరు."

"మీరా?"

"ఆ సంచి అట్ల జరుపు, కాలికి తగలతాది."

"మీరా అని అడిగితిని."

"తెలుగు మాట్లాడేవాడికి తెలుగులో మార్కు వేసేదానికి వాళ్లెవరే? మా తాత తెలుగులో ఒక్క తిట్టు తిడితే ఎద్దు నిలిచిపోయేది."

"ఎద్దుకు పరీచ్చ పెట్టలేదు గదా. మార్కు?"

"సున్నా."

"ఒకటో రెండో కూడా కాదా?"

"సున్నా అంటే సున్నానే. ఎన్నిసార్లు చెప్పించుకొంటావు, బస్సంతా వినాలా?"

"బస్సులో ఎవరికి తెలుగు తెలుసు? మెల్లిగా ఏమిటికి, గట్టిగానే చెప్పండి. అంత సున్నా వచ్చేట్టు ఏమి రాసితిరి?"

"నిండా రాసితిని. పదారు పేజీలు. మీ ఊరి గురించి తెలుగులో రాయండి అని అడిగిరి. వాన పడితే మన నల్లమన్ను కాలిని వదలదని రాసితిని. కయత్తారు గాలిమరల నీడ మన పత్తిచేలో పడతాది గదా, సాయంకాలం, దాన్ని రాసితిని. అమ్మ రోట్లో కంబుగింజలు దంచతా పాడిందీ రాసితిని. కార్తీశ్వరి టీచరు చదివి కండ్లు తుడుచుకొనె తెలుసా?"

"తుడుచుకొని?"

"తుడుచుకొని... అన్నా, ఇది తమిళక్షరం గదా, అనె."

"ఏమిటి? తెలుగును తమిళక్షరంలో రాసితిరా?"

"తెలుగులో రాయమనిరి. తెలుగే రాసితిని. అక్షరం కూడా తెలుగుదే కావాలని ఆ కాగితంలో యాడుంది? వాళ్లు మాత్రం ప్రశ్న పక్కనే తమిళంలో అచ్చెయ్యలేదా?"

"బాగుంది. ఏడాదంతా బస్సెక్కి పోయి ఇది నేర్చుకొని వచ్చితిరి."

"బాస వచ్చినవాడు అక్షరం దిద్దాలా? యాబై రెండేళ్ల మనిషిని కూచోబెట్టి అ, ఆ అనమంటే ఎవడంటాడు?"

"అందుకే గదా టీకొట్టు బెంచీలో కూచొంటిరి. క్లాసులో మీ బెంచీలో నన్ను కూచోబెట్టి, రిజిస్టరు వస్తే నా సంతకం పెట్టు అని పోతిరి. టీచరమ్మ ఏమీ అనలేదు, బెంచీ నిండితే చాలనుకొనె."

"నువ్వేమి చేసింటావు, నిద్రపోయుంటావు."

"ఫ్యాను తిరగదు గదా. నిద్ర యాడ వస్తాది?"

"నువ్వు నన్ను అడగతాండావా? పరీచ్చ నాడు మూడు గంటలు మాయమయితివి. నా టిఫిను ఆండి అనే ఆ వాచ్‌మన్ తెచ్చిచ్చె. ఎక్కడ పోయితివే అంటే, మేడ మీద ఆడోళ్లతో అంటివి."

"మేడ మీద ఆడోళ్లతోనే ఉంటిని."

"మూడు గంటలు ఏమి కబుర్లు?"

"కబుర్లు యాడివి? ఒకరూ నోరు తెరవలేదు."

"పోనీ, చెప్పవద్దులే."

"చెప్పినా మీరు వింటారా? ఏదీ చదవరు, ఏదీ వినరు. ఆడి నెలలో టీచరమ్మ పంపిన తెలుగు కాగితం నేను తెచ్చిస్తే, పై నుంచి కింది దాకా చూసి తలూపి సంతకం పెట్టితిరి."

"చదివే పెట్టితిని."

"ఏముంది దాంట్లో?"

"ఏదో... ఫ్యాను గురించి."

"ఆమా, అవును. ఫ్యాను గురించే. మన తెలుగు సంఘం పెద్ద ముత్తురామన్ మామకు ఏమని చెప్తారు?"

"ఆ మాట ఎత్తవద్దు."

"ఎత్తక? సంఘం వాకిట్లో ఫ్లెక్సు కట్టి పది దినాలు అయె. మీ ఫోటో, కింద తెలుగు వాద్యారు దామోదరసామి. వచ్చే ఆదివారం ఒట్టపిడారం పక్క ఊళ్ల నుంచి కూడా పిల్లోళ్లు మీ దగ్గర తెలుగు నేర్చుకొనేదానికి పలక పట్టుకొని వస్తారు."

"సర్టిఫికెట్టు లేనిది వాద్యారు కుర్చీ ఇచ్చేది లేదని ఆయన మొదటే చెప్పె. నేనే ముందుగా ఫ్లెక్సు కట్టించితిని. పాసు కాకుండా ఎట్ల పోతాను, మన బాసే గదా అనుకొంటిని."

"ఆ ఫ్లెక్సులో మీ పేరు ఏ అక్షరం?"

"తమిళం."

"అది సరిగ్గానే ఉంది."

"నవ్వుకో. ఈ ఏడంతా కనబడినవాడికల్లా చెప్పుకొని తిరిగితిని. రేపు ఆ వాకిట్లో ఎట్ల నిలబడేది? సిగ్గుగా ఉందే. నిజంగా సిగ్గుగా ఉంది."

"నీళ్లు తాగండి. ఏడాదికి ఇప్పుడు ఒక నిజం చెప్పితిరి."

"ఇంకోటి విను. మనం బస్సెక్కక ముందే ముత్తురామన్ ఫోను చేసె. నువ్వు ఫెయిలయితే పోనీ, ఆ పాసయినవాళ్లనే వాద్యారుగా పిలుచుకొంటాను, కాలేజీలో పేరు అడిగి తెలుసుకొంటాను అనె. నా కుర్చీలో ఎవడో వచ్చి కూచొంటాడు."

"ఎవరంట?"

"ఎవడో ఆంద్రా నుంచి ట్రాన్స్‌ఫరయి వచ్చిన రైలు ఉద్యోగస్తుడు అయుంటాడు. మనోళ్లకు ఈ అక్షరాలు యాడ వస్తాయి?"

"బోర్డులో పేరు వేసింటారు గదా, చూడలేదా?"

"తెలుగులో రాసి అంటించిరి. కండ్లద్దాలు తేలేదు."

"అద్దాలు మీ ముక్కు మీద ఉండాయి."

"సరి, రాదు. చాలా? ఫోటో తీసుకొచ్చితిని, ఇంటి పక్క సింధుజకు చూపించి అడుగుదామని. ఇదిగో, ఈ గీతలు చూడు. మొదటిది ఏదో తోక పైకి లేపి ఉంది. రెండోది చూడు, నాకు కూడా తెలుస్తాంది, సున్నా. పేరులోనే సున్నా పెట్టుకొన్నవాడు పాసంట, నాకు సున్నా అంట. వాడు రేపు మన పిల్లోళ్లకు వాద్యారంట."

"అది సున్నే. కాని ఒంటిగా చదవకూడదు. ముందున్న అక్షరంతో కలిపి చదవాల."

"నీకేమి తెలుసు?"

"మీ ఫ్యాను కాగితం గుర్తుందా? అది కాలేజీలో చేరే ఫారం. భర్త సంతకం అని ఉన్న చోట మీరే పెట్టితిరి."

"భర్త సంతకమా? ఎవరి ఫారమే అది?"

"ఆ ఫోను ఇట్లియ్యండి. ఇది 'వె'. పక్కన సున్న పెడితే 'వెం'. తర్వాత క, ట, మ్మా, ళ్."