పంచ్ డ్రంక్ అంటే

అమలాపురం ఆసుపత్రి వరండాలో ఆమె పక్కన, భర్తకి ఒకప్పుడు బాక్సింగు నేర్పిన మాస్టారు కూర్చున్నారు.

“డాక్టరుగారు పంచ్ డ్రంక్ అన్నారండి. అంటే తాగుడేనాండీ?”

“కాదమ్మా. తలకి దెబ్బలు తిని తిని, కొందరు బాక్సర్లు తాగినవాళ్ళలా తూలేవారు. ఆ జబ్బుకి పాతరోజుల్లో పెట్టిన పేరది. ఇప్పుడైతే నిద్ర చాలక తూలేవాళ్ళని కూడా సరదాకి అలాగే అంటున్నారు.”

“అయితే ఆయన తాగలేదాండీ?”

“రమణ చుక్క కూడా ముట్టలేదమ్మా.”

“ఆయనా అదే చెప్పేరండి, ఒట్టేసి మరీ. నేనే నమ్మలేదు. రెండేళ్ళు వీధరుగు మీదే పడుకోబెట్టేనండి.”

“వెళ్ళి ఆ మాట చెప్పమ్మా.”

ఆమె లోపలికి వెళ్ళి, కాసేపటికే కళ్ళు తుడుచుకుంటూ తిరిగొచ్చింది.

“ఏమన్నాడమ్మా?”

“కాళ్ళు పట్టుకున్నానండి. ‘ఎవరండీ మీరు, లేవండి’ అన్నారండి.”