ఎంగిలి ముద్ద

పక్షుల డాక్టరమ్మ బల్లమీద సోలిపోయి పడున్న చిలుక నోరు తెరిచి చూసి, గుప్పున వచ్చిన కుళ్ళు కంపుకి మొహం తిప్పుకుంది. ఎదురుగా చిలుకని తెచ్చినాయన చేతులు నలుపుకుంటున్నాడు.

"ఏం పెడుతున్నారండీ దీనికి?"

"మేం తినేదే డాక్టరుగారూ. మెత్తగా నమిలి, నా నోట్లోంచే అందిస్తాను. భలే లాక్కుంటుంది!"

"ఛీ! మీ నోట్లోంచా?"

"తల్లిపక్షి అలాగే పెడుతుంది కదండీ."

"మీరు తల్లిపక్షి కాదు. మీ సిగరెట్టు కంపు ఇక్కడిదాకా కొడుతోంది. పళ్ళు తోముకుని ఎన్నాళ్ళయింది?"

"చిగుళ్ళు వాచి చీము కారుతోందండీ. బ్రష్షు తగిలితే ప్రాణం పోతోంది."

"అబ్బ! ఆ చీమంతా దీనికి తినిపించారన్నమాట. మన ఉమ్మిలో ఉండే క్రిములు చాలు, చిలక ప్రాణం తియ్యడానికి."

"బతుకుతుందాండీ? నా బంగారుతల్లి ఇది."

"మందు పడితే బతకొచ్చు. ఇకమీదట గింజలు, పళ్ళు, కూరగాయ ముక్కలు శుభ్రంగా కడిగిన గిన్నెలో పెట్టాలి. మీ మూతి దీని దరిదాపులకి రాకూడదు."

"రానివ్వనండీ, ఒట్టు."

ఆమె మందు చుక్కలు వేసింది. చిలుక గుటక వేసి, రెక్కలు విదిల్చింది.

"లేచావా తల్లీ!"

ఆయన అమాంతం ముద్దు పెట్టుకోబోయాడు. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. తడితడిగా ఆ ముద్దు ఆమె అరచేతిలో పడింది.

"క్షమించండి డాక్టరుగారూ, అలవాటులో..."

ఆమె కుళాయి కింద చెయ్యి పెట్టి, సబ్బు అందుకుంది.

"చిలక ఇక్కడే ఉంటుంది. మీరు వెళ్ళండి."

"మళ్ళీ ఎప్పుడు రమ్మంటారు?"

"పళ్ళ డాక్టరు మిమ్మల్ని బాగుచేశాక."